స్తంభం చుట్టూ ఒక్కసారి

చందానగర్
18 సెప్టెంబరు 2023

తిరుపతికి,

క్షేమమా అని అడగను. క్షేమంగానే ఉన్నావు. ఫోన్‌లో చూశాను. రెండంతస్తుల ఎత్తున ఉన్నావు.

నీతో మాట్లాడనని మీ అక్క పాడె లేచిన రోజున అందరి ముందు ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. ఒట్టు ఒట్టే. అయితే రాయడం మాట్లాడటం కిందికి రాదట. మా కింది ఫ్లాటులో ఉండే పట్టాభిరామయ్య పంతులును అడిగాను. "రాతకు ఒట్టు తగలదండి, నిశ్చింతగా రాసుకోండి" అన్నాడాయన. అప్పటికప్పుడు పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు నావి. ఒత్తులు తప్పుతాయి. తిట్లు తప్పవు. నిదానంగా చదువుకో.

మోకాళ్ళు పట్టేసి నేను ఎక్కువ ఇల్లు కదలడం లేదు. పెద్దోడి బిడ్డ రోహిణి, ఐటీ ఆఫీసులో పనిచేసే పిల్ల, తన పాత ఫోను నాకిచ్చింది. మొదట్లో మేకల సంతలు చూసేవాణ్ణి. ఒకనాడు ఆ పిల్ల ఒక గోడ చూపించింది. ఏదో దేశంలో పెద్ద మేడ మీద నిద్రపోతున్న పిల్లి బొమ్మ. దాని తోక కింది ఇంటివాళ్ళ కిటికీ దాకా వేలాడుతోంది. ఒక్క గోడ చూశానో లేదో, ఇగ ఆ ఫోను నాకు గోడలే పంపడం మొదలుపెట్టింది. గోడ పగిలి ఉంటే ఆ పగులునే వాగు చేసి, ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న ముసలోణ్ణి గీశాడు ఒకడు. వాని చేతులకు మొక్కాలె. ఇంకొకడు ఊదిన బుగ్గల్లాంటి అక్షరాలు రాశాడు.

"ఏం రాసిండే వాడు?" అన్నాను.

"వాని పేరు తాతా."

"చదవొస్తలేదు కదనే."

"అదే స్టైల్ తాతా."

"నేను రాస్తే కోడి గెలికినట్టున్నదని మీ అమ్మ నవ్వుతది. వాడు గెలికితే స్టైలా?"

అట్లా రోజంతా గోడలు చూస్తూ సంబరపడుతున్నాను. "మన దగ్గర కూడా వేస్తున్నరు తాతా" అని ఆ పిల్ల ఐటీ ఆఫీసుల రోడ్డు చూపించింది. ఫ్లైఓవర్ దిగే చోట, యూటర్న్ దగ్గర స్తంభం. ఆ స్తంభం మీద నువ్వు.

నువ్వక్కడ ఏంది? ఆ తలపాగా ఏంది? ఖాకీ చొక్కా వేసుకుని ఆటో తోలినవాడివి. ఎన్నడన్నా నాగలి పట్టావా? వెనక జొన్న కంకులు, కింద లావు అక్షరాలతో 'ఈ నేల మనిషి'! ఆ అద్దాల మేడలు లేచిన చోట జొన్న పండించినవాణ్ణి నేను. తలపాగా చుట్టినవాణ్ణి నేను. నువ్వు నాకు సద్ది తెచ్చిన రోజుల్లో కూడా గట్టు మీదే కూర్చునేవాడివి, కాళ్ళకు బురద అంటుతుందని.

మన ఊళ్ళో కూడా గోడల మీద రాసేవాళ్ళం. పెండ్లి ఉంటే సున్నం కొట్టి, జాజుతో ఎర్రగా అంచు తీసి, పిల్లా పిలగాని పేర్లు రాయించేవాళ్ళం. ఎవరి పేరు వాళ్ళ ఇంటి గోడ మీద. ఊరందరి నెత్తిన తన ముఖం పెట్టుకునే సిగ్గులేనితనం అప్పుడు లేదు.

మీ అక్క ముత్తయిదువగా పోయింది. అట్లా పోయినవాళ్ళకు పుట్టింటి చీర కప్పి సాగనంపాలి. పుట్టిల్లు అంటే ఉన్నది నువ్వొక్కడివి. వాకిట్లో పడుకోబెట్టి నీ దారి చూశాం. నువ్వు రాలేదు. నా చీరతోనే పోయింది. అక్కకు గజం బట్ట కప్పలేనివాడు నేలకు మనిషయ్యాడు!

ఆ ముఖం అక్కడ ఉండదు. గుర్తుపెట్టుకో.

నీ అక్క మొగుడు,
లింగమూర్తి


మణికొండ
26 సెప్టెంబరు 2023

బావకు తిరుపతి దండాలు.

నీ కవరు చూసి మా రేఖ హడలిపోయింది, కోర్టు కాగితమేమోనని. విప్పి చూస్తే నీ అక్షరాలు. "నాయినా, ఇది తిట్టుడా, దీవెననా?" అంటుంది బిడ్డ. "మీ మామ దీవెన గిట్లనే ఉంటది" అన్నాను. ఇన్నేళ్ళకు నీ నుంచి తిట్టన్నా వచ్చింది. సంతోషం.

బావా, ఆ ముఖం నేను పెట్టుకున్నది కాదు. కళ్ళు మసకబారి ఆటో మానేశాక పొద్దుపోక ఆ స్తంభం దగ్గరి ఛాయ బండికి పోయి కూర్చుంటాను. ఒక రోజు ఉమాశ్రీ అని ఒక పిల్ల, యశ్వంత్ అని ఒక పిలగాడు రంగు డబ్బాలు, నిచ్చెన దించుకున్నారు. పగలు ఆఫీసుల్లో పనిచేసి సెలవు రోజున గోడలకు బొమ్మలు వేస్తారట.

"తాతా, మీది ఇక్కడేనా?" అంది ఆ పిల్ల.

"ఈ స్తంభం లేనప్పటి సంది ఇక్కడే."

"మీ ఫేస్ వేసుకుంటామండీ, ప్లీజ్."

"నా ముఖమేం బాగుంటది బిడ్డా, అద్దం గూడ పక్కకు తిప్పుకుంటది."

వింటేనా! ఫొటో తీసుకున్నారు. తలపాగా నేను వద్దన్నాను. మా బావకే నప్పుతుంది అది, నాకు కాదు అన్నాను కూడా. ఉంటేనే అందం అన్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. ఆ షరతేందో నేను చెప్పను. నువ్వే ఒకసారి వచ్చి, ఆ స్తంభం చుట్టూ తిరిగి చూడు. ఒక్క చుట్టు. ఆ తర్వాత నన్నెన్ని తిట్టినా పడతాను.

మోకాళ్ళకు నువ్వుల నూనె కాచి రాయించుకో. అక్క ఉన్నప్పుడు రాసేది కదా. ఇప్పుడు ఎవరూ రాయడం లేదని నీ కోపం చూస్తేనే తెలుస్తోంది.

నీ బామ్మర్ది,
తిరుపతి


చందానగర్
4 అక్టోబరు 2023

తిరుపతికి,

నీ చుట్టూ తిరగాలా? నేను? నీకు ప్రదక్షిణ చెయ్యాలా?

మీ అమ్మ మొక్కుకుని నీకు ఆ పేరు పెట్టింది కానీ నువ్వు దేవుడివి కావు. మీ ఇంటికి అల్లుడిగా వచ్చిన నాడు నా కాళ్ళు కడిగారు. ఆ కాళ్ళతో ఇప్పుడు నీ బొమ్మ చుట్టూ తిరిగి రమ్మంటావు. మోకాళ్ళు పోయినవాణ్ణని తెలిసి మరీ రాశావు. నువ్వుల నూనె అట! నా నొప్పి జోలికి రాకు.

నీ ముఖం కింద ఫోన్‌లో జనం ఎర్ర గుండెలు పెట్టారు. వేలల్లో ఉన్నాయి. రోహిణిని నాలుగు తిట్లు రాసిపెట్టమంటే "నేను రాయను తాతా, నా పేరు పోతది" అంది. ఇప్పుడు ఫోనుకు చెవులున్నాయట, చెప్తే అదే రాసుకుంటుందట. సరే అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని మనసారా తిట్టాను. నీ తలపాగా మొదలుకుని నీ మీసం దాకా దేన్నీ వదల్లేదు. తెల్లారి చూస్తే నా తిట్టుకు కూడా గుండెలే. "తాత ఎంత ముద్దుగా ఉన్నాడో" అని ఒకతి. "తాతకు ఆ తాత మీద ఎంత ప్రేమో" అని ఇంకొకడు. ఏం మనుషులు వీళ్ళు! తిడితే తిట్టని కూడా తెలియకపాయె.

ఫోన్‌తో పని కాదని ఇగ నేనే బయల్దేరాను. బాల్కనీ మూలన కుండలో మీ అక్క దాచిన జాజు ఇంకా ఉంది. నీళ్ళతో పిసికి ముద్ద చేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. యూటర్న్ దగ్గర ఆటో నెమ్మదించగానే చెయ్యి బయటపెట్టి విసిరాను. పక్కన కూర్చున్నామె "అయ్యో పెద్దాయనా!" అని కేక పెట్టింది. చిన్నప్పుడు వడిసెలతో పిట్టల్ని కొట్టిన చెయ్యి నాది. తగిలింది. కన్నుకు గురిపెట్టాను. ఎక్కడ తగిలిందో పోయి చూసుకో.

ఆటో ఆగితే దిగి ఇంకా ఏదైనా చేసేవాణ్ణి. దిగలేదు. దిగితే నీ చుట్టూ తిరగడానికి వచ్చాననుకుంటావు. నువ్వు నీ బొమ్మ నీడనే ఛాయ తాగుతూ నిన్ను నువ్వు చూసుకుని మురిసిపో.

లింగమూర్తి


మణికొండ
11 అక్టోబరు 2023

బావకు,

నీ చెయ్యి మంచిదే. కొంచెం పైకి పోయింది. నొసటి నడుమ పడ్డది, చేత్తో దిద్దినట్టు.

ఇప్పుడక్కడ ఏం జరుగుతోందో విను. బొట్టు పెట్టుకున్న తాత అని రెండో రోజు నుంచే ఫొటోలు. ఎవడో ఇంటర్వ్యూకు పోతూ బండి ఆపి చెయ్యెత్తి మొక్కాడట, వాడికి ఉద్యోగం వచ్చిందట. ఇగ చూడు. నిమ్మకాయలు కట్టినవాళ్ళున్నారు. అగరొత్తులు గుచ్చినవాళ్ళున్నారు. పక్కనే కూర్చుని ఛాయ తాగుతున్న నన్ను మాత్రం ఒక్కడూ గుర్తుపట్టడు. ఒకామె "జర జరుగు తాతా, దేవునికి అడ్డమున్నవ్" అంది నాతోనే! నన్ను దేవుణ్ణి చేసింది నువ్వే. ప్రదక్షిణ చేయమని నేననలేదు బావా, చేయించేటట్టు నువ్వే చేశావు.

నవ్వులాట అయిపోయింది. ఇప్పుడు నా మాట కూడా విను.

రాలేదు, రాలేదు అని ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకొచ్చావు. నేను వచ్చాను. చీర కొన్నాను, ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. దారిలో బండ్లు ఆగిపోయాయి. ముందు క్రేను, వెనక బస్సు. నీకు ఫోన్ చేశాను, మీ పెద్దోనికి చేశాను. ఏడుపులో ఎవరు ఎత్తుతారు? ఆటో అక్కడే వదిలేసి పరుగెత్తాను. నేను మీ గడప దగ్గరికి వచ్చేసరికి వాకిలి కడుగుతున్నారు. మా చిన్నమ్మ నిన్ను బతిమాలిందట కదా, తమ్ముడు వస్తున్నాడు, కొంచెం ఆగు లింగమూర్తీ అని. నువ్వు ఆగలేదు.

ఎక్కడ ఆగిపోయావురా అని నువ్వు ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు కూడా అడగడం లేదు.

వచ్చి స్తంభం చుట్టూ తిరిగి చూడు. రెండోసారి చెప్తున్నాను. మూడోసారి చెప్పను.

తిరుపతి


చందానగర్
17 అక్టోబరు 2023

తిరుపతికి,

ఎంతసేపు ఆగాలె? ఎండ నడినెత్తికి వచ్చింది. ఐసు పెట్టె తెప్పిస్తామన్నారు, నేనే వద్దన్నాను. మీ అక్క కిష్టమ్మకు చలి పడదు. వచ్చినవాళ్ళంతా నా ముఖం చూస్తున్నారు, పుట్టింటి చీర ఏదయ్యా అని అడగలేక. ఒక్కొక్కరి చూపు ఒక్కొక్క చెప్పు దెబ్బ. నీకేం తెలుసు? క్రేను అట, బస్సు అట. సవారీలను దించేసి వద్దాంలే అనుకుని ఉంటావు. చచ్చిన అక్క ఎక్కడికి పోతుంది, సవారీ పోతే మళ్ళీ వస్తుందా?

నిమ్మకాయల దేవుడా, నీ పని అయిపోయింది. చెప్పి మరీ చేస్తున్నాను.

ఎలక్షన్ కోడ్ వచ్చింది. ఊళ్ళో విగ్రహాలకు ముసుగులు వేస్తున్నారు, గోడల మీది నాయకుల ముఖాలకు సున్నం కొడుతున్నారు. ఆ సున్నం చూడగానే నాకు నువ్వు గుర్తొచ్చావు. పట్టాభిరామయ్య పంతులుతో అర్జీ రాయించాను. యూటర్న్ దగ్గరి స్తంభం మీద ఒకాయన తన ముఖం వేయించుకుని ఓట్లకు ప్రచారం చేసుకుంటున్నాడు, కింద నినాదం కూడా ఉంది, జనం పూజలు చేస్తున్నారు అని.

పంతులు కలం ఆపాడు. "ఆయన నిజంగానే నిలబడుతున్నారా అండీ?"

"నిలబడ్డడు కదా, రెండంతస్తుల ఎత్తున. మీకు కనబడతలేదా?"

"అబద్ధమవుతుందేమోనండి."

"ఈ నేల మనిషి అన్నదానికన్న పెద్ద అబద్ధమా?"

పంతులు రాశాడు. నేను సంతకం పెట్టాను. చివర ఒక ముక్క నేను చెప్పి రాయించాను. ముందువైపు ఒక్కటే కాదు, స్తంభం నాలుగు దిక్కులా, కింది నుంచి పైదాకా సున్నం కొట్టాలె, ఒక్క చుక్క రంగు మిగలొద్దు అని. మిగిలితే ఆ చుక్కకు కూడా నిమ్మకాయ కడతారు ఆ పిచ్చోళ్ళు.

ఆఫీసుకు పోయి నా చేత్తో ఇచ్చి వచ్చాను. మోకాళ్ళు ఆ రోజు నొయ్యలేదు.

నీ అక్క మొగుడు,
లింగమూర్తి


మణికొండ
3 నవంబరు 2023

లింగమూర్తికి,

బావా అని రాయబుద్ధి కావడం లేదు.

నువ్వు గెలిచావు. మొన్న పొద్దున నిచ్చెనలు, సున్నం డబ్బాలు వచ్చాయి. నేను ఛాయ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. ముందువైపు నా ముఖం పోయింది. తలపాగాతో పాటు పీడా పోయిందనుకున్నాను. నిజంగానే నాకేమీ అనిపించలేదు.

తర్వాత నిచ్చెన వెనకవైపు వేశారు. అప్పుడు అడ్డం పడ్డాను. "ఇటు వద్దు బిడ్డా, ఈమెది ఏ పార్టీ కాదు" అన్నాను. "నాలుగు దిక్కులా అని అర్జీల ఉన్నది పెద్దమనిషీ, మేమేం జేస్తం" అన్నారు. వాళ్ళ తప్పు లేదు.

ఆమె ఎవరో చెప్తున్నాను, విను. మా అక్క.

నా షరతు అదే. ముందువైపు మీ ఇష్టం, వెనకవైపు నా ఇష్టం అన్నాను ఆ పిల్లలతో. అక్క ఫొటో అంటే ఆధార్ కార్డులో ఉన్నదొక్కటే, అందులో అక్క తప్ప ఎవరైనా కనిపిస్తారు. అందుకని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది ఉమాశ్రీ. ముక్కు నాదే, మీసం తీసెయ్యి అన్నాను. కళ్ళు నావే, కోపం తీసెయ్యి అన్నాను. గడ్డానికి ఎడమ పక్కన పుట్టుమచ్చ. నవ్వొస్తే కొంగు అంచు పంటితో పట్టుకునేది, అట్లా వెయ్యమన్నాను. వేసింది. బతికొచ్చినట్టే ఉంది. కట్టిన చీర పసుపుపచ్చది, ఎర్రంచు. ఆ రోజు నేను ఒళ్ళో పెట్టుకుని వచ్చిన చీర.

ఎక్కడ ఆగిపోయానో ఇప్పుడన్నా విను. ఆ స్తంభం దగ్గరే. అప్పుడది స్తంభం కాదు, గుంతలో నిలబెట్టిన ఇనుప చువ్వలు. ఫ్లైఓవర్ కడుతున్నారు, దారి మూసేశారు. ఆ చువ్వల్ని చూస్తూ కూర్చున్నాను, చీర చేతిలో పట్టుకుని. ఇయ్యలేని చోటే ఇచ్చినట్టవుతుందని అక్కకు ఆ చీర అక్కడ కట్టించాను. నేను రోజూ ఆ బండి దగ్గర కూర్చునేది నా ముఖం చూసుకోవడానికి కాదు. బల్ల వెనకవైపు ఉంటుంది.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్తే అక్కను అడ్డం పెట్టుకుని నా ముఖం కాపాడుకున్నానంటావు. నీ కాళ్ళతో వచ్చి, నీ కళ్ళతో చూడాలనుకున్నాను. నువ్వు ప్రదక్షిణ అన్నావు. ఆఖరి ఉత్తరం వచ్చాక చెప్దామనే కవరు తెచ్చుకుని కూర్చున్నాను. సవారీల మాట ఇంకోసారి చదివాను. కవరు పక్కన పెట్టేశాను. వెయ్యనీ సున్నం, తర్వాత తెలుస్తుంది అనుకున్నాను. అది నా పగ. నీదానికన్నా తక్కువదేం కాదు.

అక్కకు నా చీర అందకుండా చేసింది రెండుసార్లూ నువ్వే. రెండుసార్లూ తొందరపడే చేశావు.

కిష్టమ్మ తమ్ముడు


చందానగర్
14 నవంబరు 2023

తిరుపతీ,

నీ ఉత్తరం రోహిణితో చదివించుకోలేదు. నేనే చదివాను. పొద్దున మొదలుపెడితే అన్నం వేళయింది.

పోయాను. ఆటో దిగాను. స్తంభం చుట్టూ తిరిగాను. సున్నం కొట్టినవాళ్ళు గట్టి పనివాళ్ళు, ఒక్క చుక్క మిగల్చలేదు. నేను చెప్పించినట్టే చేశారు. ఛాయ బండి ఆయన "కూసో పెద్దాయనా, ఎవరికోసం?" అన్నాడు. బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా తెల్లగా ఉంది. ఛాయ చల్లారింది.

ఇంటికొచ్చి రోహిణితో ఫోన్‌లో వెతికించాను. నీ ముఖం ఎక్కడ పడితే అక్కడ ఉంది. వెనకవైపు బొమ్మ ఒక్కటే దొరికింది. ఎవతో పిల్ల దాని ముందు నిలబడి తన ఫొటో తానే తీసుకుంది. ఆ పిల్ల జుట్టు వెనకాల భుజం ఉంది, ఎర్రంచు ఉంది, కొంగు పట్టుకున్న పళ్ళు ఉన్నాయి. కళ్ళు లేవు. ఆ జుట్టు జరపమని రోహిణితో అన్నాను. ఫొటోలో జుట్టు జరగదు తాతా అంది.

ఇప్పుడు నా మాట. నీకు తెలిసి నోరు మూసుకున్నావు. నిచ్చెన వేసేదాకా చూస్తూ కూర్చున్నావు. చీర సంగతి ఏమోగానీ దీన్ని మాత్రం నేను కట్టె కాలేదాకా మరువను. దీనికి శిక్ష ఉంది.

ఆ పిల్లల్ని మళ్ళీ పిలువు. కోడ్ ఎత్తెయ్యగానే బొమ్మ మళ్ళీ పడాలె. ఈసారి రోడ్డు వైపు, బస్సులన్నీ చూసే వైపు కిష్టమ్మ. వెనకాల, కుక్కలు కాలెత్తే వైపు, కింద మనిషెత్తునే నువ్వు. దగ్గరుండి వేయిస్తాను. నువ్వూ రా, ముక్కు నీదే కాబట్టి తప్పదు. ఆ చీర తే, రంగు చూపించాలె. ఉంచావో ఎవరికన్నా కట్టబెట్టావో. నీతో మాట్లాడను. ఒట్టు అట్లనే ఉంది.

ఇంకొకటి. పుట్టుమచ్చ ఎడమ పక్కన కాదు, కుడి పక్కన. తమ్ముడికేం తెలుసు?

బతిమాలుతున్నానని అనుకోకు.

లింగమూర్తి


మణికొండ
8 డిసెంబరు 2023

లింగమూర్తికి,

కోడ్ ఎత్తేశారు. నేను ఓడిపోయాననుకుంటా, ఛాయ బండి ఆయన ఓదారుస్తున్నాడు. నన్ను ఎలక్షన్లో నిలబెట్టినవాడివి ఓటన్నా వెయ్యకపోతివి.

ఉమాశ్రీ, యశ్వంత్ వస్తామన్నారు. ఈసారి పర్మిషన్ కాగితం చేతిలో పెట్టుకునే వస్తారట. పదిహేడో తారీఖు ఆదివారం, పొద్దున్నే. చీర ఎక్కడికీ పోలేదు. మడత కూడా విప్పలేదు. పెట్టెలో అడుగున పెట్టి కలరా ఉండలు వేశాను. రేఖ పెండ్లికి కూడా బయటికి తియ్యలేదు.

నీ శిక్ష ఒప్పుకున్నాను. వెనకాలే ఉంటాను. తలపాగా మాత్రం పెట్టించుకోను, అది నీ నెత్తికే ఉండనీ. పుట్టుమచ్చ ఎడమ పక్కనే. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పితే దాన్నే గిల్లేవాణ్ణి, నాకు తెలియదా?

నా పగ కూడా ఉంది, మరిచిపోకు. ఎదురుగా నిలబడి ఆమెను చూసి పోతే పో. కానీ ఎప్పుడన్నా ఆమె చుట్టూ తిరగాలని నీకు అనిపిస్తే నన్ను దాటే తిరగాలి. వేరే దారి లేదు.

తిరుపతి


చందానగర్
20 డిసెంబరు 2023

తిరుపతీ,

ఆదివారం నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చూశావు కదా. ఉమాశ్రీ పిల్లే అటూ ఇటూ తిరిగింది పాపం. "తాతా, నవ్వు ఇంకొంచెం పెద్దదా అని మీ బామ్మర్దిగారిని అడగండి" అంటే, "నువ్వే అడుగు బిడ్డా, నాకు ఆయనెవరో తెలవదు" అన్నాను. అక్కడి నుంచి నువ్వు "కొంచెం చిన్నది" అని గాలికి చెప్పావు. గాలి మాట విన్నాను. ఆ మాట సరైనదే.

చీర నా దగ్గరే ఉంది. రంగు చూపించాక నువ్వు మడిచి సంచిలో పెట్టుకోబోతే నీ చేతిలోంచి గుంజుకున్నాను. అందరూ దొంగతనం అనుకున్నారు. తెచ్చినవాడివి తెచ్చావు, తీసుకోవలసినవాణ్ణి తీసుకున్నాను. తిరిగి ఇయ్యను. నేను పోయిన నాడు నా మీద కప్పమని పెద్దోనికి చెప్పి పెట్టాను. మొగోనికి చీరేంది నాయినా అన్నాడు. చెప్పింది చెయ్యి అన్నాను. ఆమె దగ్గరికి మోసుకుపోయేది నేనే. నువ్వు పోతే మళ్ళీ దారిలో ఆగిపోతావు.

పుట్టుమచ్చ కుడి పక్కనే పడింది. నువ్వు ఛాయకు పోయినప్పుడు వేయించాను. ఇగ నువ్వు గింజుకున్నా మారదు.

నువ్వు వెళ్ళిపోయాక నేను వెంటనే వెళ్ళిపోలేదు. పిల్లలు డబ్బాలు సర్దుకుంటున్నారు. రోహిణి ఫొటోలు తీస్తోంది. కిష్టమ్మ ఎదురుగా నిలబడి చూశాను. బస్సులు పోతున్నాయి, బస్సులో వాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. అప్పుడు తిరగాలనిపించింది. ఎందుకని అడగకు.

తిరిగాను. ఆమె చుట్టూ తిరిగాను, నీ చుట్టూ కాదు, అది మొదట రాసుకో. నీ వైపు రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను, నీ ముఖం చూడొద్దని. నా మోకాళ్ళతో కళ్ళు మూస్తే నిలబడలేను కదా, పడతానని స్తంభానికి చెయ్యి ఆనించుకుంటూ నడిచాను. మళ్ళీ ఆమె వైపు వచ్చాక కళ్ళు తెరిచి చూసుకుంటే అరచెయ్యంతా నల్లగా ఉంది.

నీ రంగు ఇంకా ఆరలేదు. నీ మీసం నా చేతికి అంటింది.

సబ్బుతో కడిగాను. గాసునూనెతో కడిగాను. కోడలు ఇసుక తెచ్చి ఇచ్చింది, రుద్దాను. పోలేదు. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. కాగితం మీద అక్కడక్కడ మరకలు కనిపిస్తే అవి నా తప్పు కాదు, నీ మీసం.

నీ బావ,
లింగమూర్తి